మూడు వేళ్ల వెడల్పు

సుహెద్నూఫ్
2002 మార్చి 10, ఆదివారం

లుద్విక్,

రెండుసార్లు ఫోన్ చేశావని పక్కింటావిడ చెప్పింది. మోగే ఉంటుంది. నలభై ఏళ్లు మీ అన్న జెనన్ దాగలి మీద సుత్తితో కొడుతుంటే పక్కన నిలబడ్డదాన్ని, నా చెవుల సంగతి నీకు కొత్తా? ఏం చెప్పాలన్నా కాగితం మీద పెట్టు.

పోయిన వారం మన దళం నాయకుడు గ్జెలాక్ వచ్చాడు. టోపీ ఒళ్లో పెట్టుకుని గసగసాల కేకు రెండు ముక్కలు తిని, మూడో ముక్క మీద చెయ్యి వేసి అప్పుడు విషయానికొచ్చాడు. ఆరొందల ఏళ్ల కిందటి యుద్ధాన్ని ఏటా మళ్లీ ఆడుకునే పెద్దమనుషులకి పట్టింపులు తక్కువా? దళంలో ఎవరు పోయినా వాళ్ల కవచం జూలైలో ఇంకొక్కసారి గ్రున్వాల్డ్ మైదానానికి వెళ్లాలి కదా, సొంతవాళ్ల ఒంటి మీద. పోయినవాడు ఏటా ఎక్కడ పడేవాడో అక్కడే పడాలి, కొమ్ము ఊదాక లేవాలి. అప్పటికి గానీ ఆ కవచానికి సెలవు లేదు. ఆ తర్వాత దాన్ని అటక మీద పెట్టుకున్నా, ఇంకొకరికి ఇచ్చుకున్నా దళం అడగదు. "మీకు సొంతవాళ్లంటే ఎవరమ్మా?" అని కాగితం మీద రాసి చూపించాడు. పిల్లలు లేని ఇల్లని వాడికి తెలియదా? ఉన్నది నువ్వే. ఇరవై ఏళ్లు ఆ మైదానంలో మీ అన్నకి నీళ్లు మోశావు, పట్టీలు బిగించావు. ఇప్పుడు ఆ ఇనుములో దూరాల్సింది కూడా నువ్వే.

కాబట్టి కొలతలు పంపు. పల్చటి చొక్కా మీద తీయించు, అంతకన్నా ఏమీ వేసుకోవద్దు. లోపల తొడిగే మెత్తచొక్కాకి చుట్టూ ఆరు సెంటీమీటర్లు నేనే కలుపుకుంటాను. ఛాతీ, పొట్ట, మెడ గుంట నుంచి బొడ్డు దాకా. ఊపిరి బిగబట్టి కొలిపించుకోకు. మీ మగవాళ్లందరూ చేసే పని అదే, ఆ తర్వాత కవచం బిగుసుకుపోయిందని మా మీద పడతారు.

ఒక సంగతి చెప్పేస్తాను, దాచి ఏం లాభం? నీ పొట్ట జెనన్ కవచంలో పట్టాలంటే పక్కల కోసి కొత్త రేకు అతకాలి. కోయాలని నాకు లేదు. ఫోటోల్లో మీ అన్నకి ముందు వైపు మాత్రమే ఉంది. ఈ ఇనుములో ముందూ వెనకా ఉన్నాడు. పందొమ్మిదో ఏట కార్ఖానా కప్పు మీంచి పడి వంగిపోయిన ఎడమ భుజం కూడా ఉంది, రెండు వేళ్లు కిందికి. కోస్తే ఆ మనిషి ఇంకెక్కడా ఉండడు. కానీ వద్దంటే, జెనన్ పెళ్లాం కవచం పంపలేదని దళమంతా చెప్పుకుంటారు. అది ఆయనకే తలవంపు.

మెత్తచొక్కా కనపడటం లేదు, గోధుమరంగుది, మోచేతుల దగ్గర నేను అతుకులు వేసింది. ఇల్లంతా వెతికాను. నీకేమైనా గుర్తుందా?

చేతులు నొప్పులు. ఇక ఆపుతాను.

యద్విగా

*

గ్దీనియా
మార్చి 24, మట్టల ఆదివారం

వదినా,

ఇక్కడ వారం నుంచి ఒకటే వాన. ఓడల కార్ఖానాలో మిగిలిన క్రేన్ కూడా తీసేశారు. కిటికీలోంచి చూస్తే ఇప్పుడు సముద్రం కనపడుతోంది. ముప్పై ఏళ్లు ఆ కార్ఖానాలో ఓడల రేకులకి అతుకులు వేసినవాడిని, నాకు క్రేనే బాగుండేది. మోకాలు మాత్రం వానకి ముందే కబురు చెప్తోంది, రేడియో అక్కర్లేదు.

కొలతలు తీయించుకున్నాను. కింది వాటాలో పాని వాండా ఉంది చూడు, పిల్లులు పెంచే ఆవిడ, ఆవిడే టేపు పట్టుకుంది. "ఈ వయసులో నీకు పెళ్లి సూటా?" అంది. కాదు, యుద్ధానికి వెళ్తున్నానంటే కుర్చీలో కూలబడి నవ్వింది. ఇవిగో: ఛాతీ నూట పన్నెండు, పొట్ట నూట ఎనిమిది, మెడ గుంట నుంచి బొడ్డు దాకా నలభై రెండు.

పొట్ట చూసి ఆశ్చర్యపోతావని తెలుసు. బీరు మానేశాను. శవయాత్ర రోజున నన్ను చూసింది కోటులో కదా, కోటు మనిషిని లావుగా చూపిస్తుంది.

మెత్తచొక్కా సంగతి నాకు తెలియదు వదినా. ఆ వారం మీ ఇంట్లో ఎంతమంది తిరిగారో లెక్కుందా? దళంవాళ్లు కార్ఖానాలో కూడా కూర్చున్నారు.

ఈస్టర్ పండక్కి రాలేను, మోకాలు ఒప్పుకోదు. గుడ్లకి రంగులు వేశావా? వెయ్యి. ఒక్కదానివే అయినా వెయ్యి.

నీ మరిది
లుద్విక్

*

సుహెద్నూఫ్
ఏప్రిల్ 14

లుద్విక్,

గుడ్లకి రంగులు వేయలేదు. నాలుగు ఉడకబెట్టుకుని, రెండు నేను తిని, రెండు కుక్కకి పెట్టాను.

నీ లెక్క వేశాను. పొట్ట నూట ఎనిమిది, మెత్తచొక్కాకి ఆరు, మొత్తం నూట పధ్నాలుగు. జెనన్ రేకుల లోపలి చుట్టు నూట ఎనిమిది. తేడా ఆరు సెంటీమీటర్లు, అంటే మూడు వేళ్లు. లుద్విక్, నేను ఎనిమిది వేళ్లకి సిద్ధపడి కూర్చున్నాను. మూడే అని తెలిశాక ముందు కాస్త తేలికపడ్డాను, తర్వాత భయమేసింది. నువ్వు ఇంత ఎప్పుడు చిక్కిపోయావు? మీ అన్న కూడా పోయిన వేసవిలో బీరు మానేశానన్నాడు. ఆ మాటే అన్నాడు. నేను మెచ్చుకున్నాను కూడా, తెలివితక్కువదాన్ని. డాక్టరుకి చూపించుకున్నావా? ఉన్నదున్నట్టు రాయి.

మెత్తచొక్కా గురించి నువ్వన్న మాట పట్టుకుని గ్జెలాక్‌ని అడిగేశాను. నాకు వినపడదు కాబట్టి నా గొంతు ఎంత పెద్దగా లేస్తుందో నాకు తెలియదు. బజార్లో, రొట్టెల దుకాణం ముందు. వాడి మొహం కందగడ్డయింది. కాగితం తీసి, "మీ జెనన్ చెమట చొక్కా నాకెందుకమ్మా?" అని రాసి, నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఆ కాగితం బల్ల మీదే ఉంది. ఆ మాట నిజమే. ఆ చెమట చొక్కా నాకు తప్ప ఎవరికి కావాలి?

మే తొమ్మిది గురువారం కోస్తాను. అంతకుముందు జర్మనీవాళ్లకి రెండు జతల మోకాలి కవచాలు చేసి ఇవ్వాలి. ఈ చేతులతో ఇంకెన్నాళ్లు కొడతానో తెలియదు. జెనన్ కొడుతుంటే నేను రేకు మీద అరచెయ్యి పెట్టేదాన్ని, దెబ్బ సరిగ్గా పడిందో లేదో చెవితో కాదు, చేత్తో తెలిసేది. ఇప్పుడు కొట్టేదీ నేనే, చెయ్యి పెట్టేదీ నేనే. రెండూ ఒకేసారి కుదరవు.

నీ ఆరోగ్యం సంగతి మర్చిపోకుండా రాయి.

యద్విగా

*

గ్దీనియా
మే 4

వదినా,

సెలవుల్లో పోస్టాఫీసు మూసేశారు, లేకపోతే ముందే రాసేవాడిని. నిజం చెప్పాలంటే రెండు ఉత్తరాలు రాసి చింపేశాను కూడా.

నాకు ఏ జబ్బూ లేదు. దున్నపోతులా ఉన్నాను. నా గురించి బెంగ వద్దు.

కొలతల్లో పొరపాటు జరిగింది. ఆ రోజు ఇంట్లో చలి, నేను ఉన్ని స్వెట్టరు తీయలేదు. పాని వాండా దాని మీదే టేపు చుట్టేసింది. నువ్వు పల్చటి చొక్కా అన్నది నాకు తర్వాత గుర్తొచ్చింది. అందులోంచి ఆరు తీసెయ్. పొట్ట నూట రెండు. అంటే నువ్వు మెత్తచొక్కాకి ఆరు కలిపితే నూట ఎనిమిది. కవచం ఉన్నదున్నట్టుగా సరిపోతుంది. ఏమీ కోయక్కర్లేదు.

కోయకు వదినా. గురువారంలోగా ఇది నీకు చేరాలని పోస్టాఫీసుకి నేనే నడిచి వెళ్తున్నాను, వానలో.

గ్జెలాక్‌ని ఇక ఏమీ అడగకు. పోనీ, చొక్కా ఎక్కడో అక్కడ ఉంటుంది.

లుద్విక్

*

సుహెద్నూఫ్
మే 12

లుద్విక్,

నీ ఉత్తరం శుక్రవారం వచ్చింది. నేను గురువారమే కోశాను.

రెండు పక్కలా కోసి, కొత్త రేకు అతికి, మూడు వేళ్లు పెంచాను. అయిపోయింది. నూట రెండు జెనన్ కొలతే, నీకు తెలుసా? అచ్చం మీ అన్న కొలత. దాని మీద సుత్తి కూడా పడక్కర్లేకుండా నీకు సరిపోయేదన్న మాట! నీ బద్ధకం, నీ స్వెట్టరు, ఆ పిల్లులావిడ, ఈ ముగ్గురూ కలిసి నా మొగుణ్ణి నా చేతే కోయించారు. పల్చటి చొక్కా అని నేను రాయలేదా? చిన్నప్పటి నుంచీ అంతే నువ్వు, చెప్పింది సగం వింటావు. చెవులు పోయింది నాకు, వినిపించుకోనిది నువ్వు.

ఇంతకన్నా రాస్తే తిట్లే వస్తాయి. జూలైలో గ్జెలాక్ బండిలో కవచం మైదానానికి వస్తుంది. వాడు నాతో మాట్లాడటం లేదు, కానీ బండి ఎక్కిస్తానన్నాడు. నేను రాను. వచ్చి ఏం చూడాలి?

యద్విగా

*

గ్దీనియా
జూన్ 9

వదినా,

నెల రోజులు ఏం రాయాలో తెలియలేదు. నువ్వు తిట్టింది చాలా తక్కువ. ఆ ఉత్తరం చదివాక రెండు రోజులు గది దాటలేదు. పాని వాండా తలుపు కొట్టి సూపు గిన్నె పెట్టి వెళ్లింది. ఆవిణ్ణి ఏమీ అనకు, ఆవిడ తప్పేమీ లేదు.

రోజూ సముద్రం ఒడ్డున నడుస్తున్నాను. యుద్ధానికి ఊపిరి కావాలి కదా. పొద్దున కాస్త నల్ల గోధుమ జావ, రాత్రి మజ్జిగ. ఈ వయసులో సైనికుడి బతుకు.

నడుస్తూ అన్నయ్య ఎలా పడేవాడో గుర్తుచేసుకుంటున్నాను. ఆ అడవి పియర్ చెట్టుకి ఇరవై అడుగులు ఇవతల. ఎప్పుడూ కుడి పక్కకే పడేవాడు, ఎడమ భుజం కాచుకుంటూ. పడ్డవాడు కదలకూడదు, కొమ్ము ఊదేదాకా వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదు. ఈగ ముక్కు మీద వాలినా చచ్చినవాడు చచ్చినట్టే ఉండాలి. అన్నయ్యకి అది కష్టమనిపించలేదు, హాయిగా నిద్రపోయేవాడు! తొంభై అయిదులో గుర్తుందా? కొమ్ము ఊదారు, చచ్చినవాళ్లంతా లేచి దుమ్ము దులుపుకుని బీరు డేరాకి వెళ్లిపోయారు, ఈయన గుర్రు. జనం గుమిగూడి నవ్వుతుంటే నేను వెళ్లి కాలితో తన్ని లేపాను. "యుద్ధం గెలిచామా?" అని అడిగాడు. ఏటా గెలిచేదే కదా, ఆరొందల ఏళ్ల నుంచీ.

నేను కూడా అక్కడే పడతాను. కుడి పక్కకే. నువ్వు వస్తే బాగుండును. రమ్మనే మొహం నాకు లేదు.

లుద్విక్

*

సుహెద్నూఫ్
జూలై 5

లుద్విక్,

రేపు బండి బయల్దేరుతుంది. చీటీ కవచంతో పాటే పంపుతున్నాను.

ముందు కుడి పక్క పట్టీలు, తర్వాత ఎడమ, భుజాలవి ఆఖరున. ఎడమ భుజం పట్టీ రెండో చిల్లు దగ్గరే ఉంచు, బిగించకు. కొత్త మెత్తచొక్కా కుట్టాను, నీ నూట రెండుకి. పాతది దొరకనే లేదు. అది లేకుండా ఇనుము తొడగొద్దు, ఒరుసుకుపోతావు. నీళ్లు తాగు. ఎండగా ఉంటుందని రాస్తున్నారు పేపర్లో. నీకు నీళ్లు మోసేవాళ్లు ఎవరూ లేరని నాకు ఇప్పుడే తట్టింది. ఎవర్నయినా చూసుకో.

నీ మీద కోపం తగ్గలేదు. అలసట ఎక్కువై కోపం వెనకబడింది, అంతే.

యద్విగా

*

జిల్లా ఆసుపత్రి, మూడో అంతస్తు
జూలై 21

వదినా,

చేతిరాత చూసి భయపడకు. చేతికి సూది పెట్టారు, అందుకని అక్షరాలు ఇలా ఉన్నాయి. నాకు బాగానే ఉంది. రెండు పక్కటెముకలు చిట్లాయి, గుండె కాస్త తడబడిందట, ఎండ దెబ్బ. మూడు రోజుల్లో పంపేస్తామన్నారు.

ఎలా జరిగిందో నేనే చెప్తాను, గ్జెలాక్ చెప్పేలోగా. కవచం డేరాలోకి తెచ్చాక ముందు నేను చేసిన పని, పక్కల నీ అతుకు కోసం వెతకడం. ముప్పై ఏళ్లు ఓడలకి అతుకులు వేసినవాడిని వదినా, వేలు పెట్టి తడిమాను, ఎండలోకి తీసుకెళ్లి వంచి చూశాను. కనపడలేదు! ఎక్కడ కోశావో, ఎక్కడ అతికావో గుర్తే లేదు. దళంలో అందరినీ పిలిచి చూపించాను. ఇలాంటి పనితనం దేశంలో ఇంకెవరికీ లేదని గ్జెలాక్ చేత కూడా ఒప్పించాను. నీ మీద అలక మర్చిపోయి టోపీ తీశాడు వాడు.

తొడిగితే పట్టలేదు. నా లెక్క ప్రకారం పట్టాలి. సరే, ఇక ఆ లెక్కేమిటో చెప్తాను. ఆసుపత్రి మంచం మీద అబద్ధాలు ఆడటానికి ఓపిక లేదు.

నా పొట్ట మార్చిలో నూట పద్దెనిమిది. పాని వాండా నన్ను కొలిచిన మాట నిజమే, నవ్వింది కూడా నిజమే. ఆ కొలత నీకు పంపలేదు. అన్నయ్య కొలత పంపాలనుకున్నాను, నువ్వు కోయకుండా. ఎక్కణ్ణుంచి తేను? మెత్తచొక్కా నా దగ్గరే ఉంది. ఆ గోధుమరంగుదే. శవయాత్ర అయ్యాక నువ్వు పడుకుంటే కొక్కెం మీంచి తీసి సంచిలో పెట్టుకున్నాను. అడగలేదు. అందులో అన్నయ్య వాసన ఉంది వదినా, ఇనుము, నూనె, ఆయన పొగాకు. దాన్ని మంచం మీద పరిచి టేపు పెట్టి కొలిచి నీకు రాసేశాను. చొక్కా మీద కొలిస్తే అందులో దూది కొలత కలిసే ఉంటుందని, దాని మీద నువ్వు మళ్లీ ఆరు కలుపుతావని నా బుర్రకి తట్టలేదు. ఇరవై ఏళ్లు ఆయనకి పట్టీలు బిగించినవాడిని! నీ ఏప్రిల్ ఉత్తరం చూశాక తల పట్టుకున్నాను. స్వెట్టరు కథ అల్లింది అందుకే. అప్పటికే నువ్వు కోసేశావు. కోయొద్దని నేను ఆడిన అబద్ధమే నీ చేత కోయించింది.

ఎందుకింత పని చేశానంటావు. శవయాత్ర మర్నాడు పొద్దున నీళ్ల కోసం వచ్చి కార్ఖానా తలుపు సందులోంచి చూశాను. నువ్వు కవచం ముందు నిలబడి ఉన్నావు. రెండు చేతులూ దాని చుట్టూ వేసి నుదురు ఆనించి ఉన్నావు. నీకు నేను వచ్చిన చప్పుడు వినపడలేదు. చాలాసేపు అలాగే ఉన్నావు. నేను వెనక్కి వెళ్లిపోయాను. ఆ మనిషి చేత దాన్ని ఎలా కోయించమంటావు?

నువ్వు కోసేశానని రాశాక ఒకటే మిగిలింది, నీ మూడు వేళ్లకి నేను సరిపోవాలి. నూట పధ్నాలుగులో పట్టాలంటే నూట ఎనిమిది కావాలి. జావ, మజ్జిగ, నడక. జూలైకి నూట తొమ్మిదికి వచ్చాను. ఒక్క సెంటీమీటరు, ఊపిరి బిగిస్తే పోతుందనుకున్నాను. తీరా తొడిగితే పట్టీలు నాలుగు వేళ్ల దూరంలో ఉన్నాయి. అంత మంచి అతుకు వేసినదానివి కొలత తప్పవు, నేనే మళ్లీ లావెక్కానేమో అని సిగ్గేసింది. నువ్వు కుట్టిన మెత్తచొక్కా తీసేశాను. వట్టి చొక్కా మీద ఇద్దరి చేత లాగించి బిగించుకున్నాను.

పియర్ చెట్టు దాకా ఎలా నడిచానో తెలియదు. పడాల్సిన సమయం కన్నా ముందే పడ్డాను, ఆడటం కాదు. ఊపిరి అందలేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. చుట్టూ కాళ్లు, గుర్రాలు. నోరు తెరిస్తే మాట రాలేదు. మనవాళ్లు ఇద్దరు పక్క నుంచే వెళ్లారు. ఒకడు "చూడరా, అచ్చం జెనన్ లాగే పడుకున్నాడు" అన్నాడు. నాకు వినపడింది. చచ్చినవాణ్ణి కొమ్ము ఊదేదాకా ముట్టుకోకూడదు కదా. ఆ నియమం నేను ఎంతమందికి నేర్పానో!

తర్వాత గుర్తులేదు. ఇక్కడి నర్సు చెప్తోంది, ఎవరో పెద్దావిడ తాడు కింద నుంచి దూరి, కత్తుల మధ్యలోంచి పరుగెత్తుకుంటూ వచ్చిందట. ఆగమని అందరూ అరుస్తున్నా వినలేదట. తోలు కోసే కత్తితో నా పట్టీలన్నీ తెగ్గోసిందట. ఒకటిన్నర రోజు ఈ మంచం పక్కన కూర్చుని, సోమవారం పొద్దున నాకు తెలివి రాకముందే వెళ్లిపోయిందట. డాక్టరు ఆవిడతో కాగితాల మీద రాసి మాట్లాడాడట.

నువ్వు రానన్నావు కదా వదినా. మరి ఆవిడెవరు?

నీ మరిది
లుద్విక్

*

సుహెద్నూఫ్
జూలై 28

లుద్విక్,

ఎవరు అని అడగడానికి సిగ్గుండాలి. తోలు కత్తి పట్టుకుని తిరిగే చెవిటి ముసలమ్మలు ఈ దేశంలో ఎంతమంది ఉన్నారు?

నేను కూడా అబద్ధం ఆడాను. నీకు అతుకు కనపడకపోవడానికి కారణం నా పనితనం కాదు. అసలు కోయలేదు. మే తొమ్మిదిన రేకు బిగించాను, గీత గీశాను, రంపం ఆనించాను. చేతులు రాలేదు. అలా ఎంతసేపు నిలబడ్డానో తెలియదు, కుక్క వచ్చి పావడా పట్టుకుని లాగింది. మర్నాడు నీ ఉత్తరం వచ్చింది, ఏమీ కోయక్కర్లేదని. సంతోషించాలి కదా? ఒళ్లు మండింది. రాత్రంతా నేను పడ్డ బాధ నీ స్వెట్టరు వల్ల అనిపించింది. నువ్వూ ఏడవాలి అనుకున్నాను. కోసేశానని రాసేశాను. ఆ తర్వాత దిద్దుకుందామంటే అహం అడ్డొచ్చింది. అయినా నీకేం నష్టంలే అనుకున్నాను, నువ్వు నూట రెండు అన్నావు కదా, కవచం ఉన్నదున్నట్టు నీకు పడుతుంది.

నూట రెండు. ఆ అంకె నన్ను జూన్ అంతా నిద్రపోనివ్వలేదు. జెనన్ కొలతకి వచ్చినవాడు జెనన్ లాగే పోతాడేమోనని. అందుకే వచ్చాను, నీకు చెప్పకుండా, నువ్వు ఎంత చిక్కిపోయావో దూరం నుంచి చూసి వెళ్లిపోదామని. రెండు రైళ్లు, ఒక బస్సు. తాడు దగ్గర ఐస్‌క్రీం తినే పిల్లల మధ్య నిలబడ్డాను. దళం నడిచి వచ్చింది. జెనన్ కవచం ముందు కనపడింది, ఆ వంగిన భుజం. ఒక్క క్షణం నేను మనిషిని కాలేదు. తర్వాత పైన నీ తల కనపడింది, ఎర్రగా, టమాటాలా. ఇంత లావుగా ఉన్నావు లుద్విక్! ముందు నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. జబ్బు లేదు, బాగా తిన్న మొహం. ఆ తర్వాతే అర్థమైంది. అంత మనిషి ఆ కవచంలో ఎలా పట్టాడు? నేను కోయలేదని నాకొక్కదానికే తెలుసు. నేను కోసేశానని నమ్మి నువ్వు బిగించుకున్నావు. నీ అబద్ధం, నా అబద్ధం, వాటి మధ్యలో నీ ఊపిరి.

అరిచాను. ఎవరికైనా వినపడిందో లేదో, నాకు మాత్రం వినపడలేదు. నువ్వు పడ్డావు. కుడి పక్కకి కాదు, ఎడమ పక్కకి. ఆ కవచం ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఎడమ పక్కకి పడలేదు. ఇక నేను ఆగలేదు. ఎవరు ఏం అరిచారో నన్ను అడక్కు. జీవితంలో మొదటిసారి నా చెవుల వల్ల ఒక మేలు జరిగింది.

డేరాలో నీ సంచి సర్దుతుంటే మెత్తచొక్కా దొరికింది, నీ తువ్వాలు కింద. అక్కడే గడ్డి మీద కూర్చుని మొహానికి అద్దుకున్నాను. నువ్వన్న వాసనే. కాస్త తగ్గింది. తీసుకొచ్చేద్దామనుకున్నాను, మళ్లీ సంచిలోనే పెట్టేశాను. నువ్వూ ఆయనకి తమ్ముడివే కదా. గ్జెలాక్‌కి క్షమాపణ చెప్పుకున్నాను, రొట్టెల దుకాణం ముందే, అంతే గట్టిగా. కేకు కూడా పంపాను.

వాడు ఒక మాట రాసి ఇచ్చాడు. కొమ్ము ఊదకముందే నిన్ను మోసుకుపోయాం కాబట్టి లెక్కలోకి రాదట. కవచానికి ఇంకా సెలవు దొరకలేదు. వచ్చే జూలైలో మళ్లీ వెళ్లాలి. నువ్వు కత్తి పట్టక్కర్లేదు, ఎవరితోనూ కొట్లాడక్కర్లేదు, డాక్టరు దగ్గర రాయించుకున్నాను. పియర్ చెట్టు దాకా నడిచి, నీడలో పడుకుని, కొమ్ము ఊదగానే లేవాలి. లేవడం ముఖ్యం. నీళ్ల కుండ పట్టుకుని నేను పక్కనే ఉంటాను.

ఆసుపత్రిలో నువ్వు నిద్రపోతుంటే టేపు పెట్టి కొలిచాను, పల్చటి చొక్కా మీద. నూట తొమ్మిది. ఆరు కలిపితే నూట పదిహేను. లెక్క వేస్తే చివరికి మూడు వేళ్లూ ఓ గోరూ. నువ్వు ఇంటికెళ్లగానే తిండి మొదలుపెడతావు కాబట్టి అయిదు వేళ్లు అనుకున్నాను. మొన్న గురువారం పొద్దున కాఫీ తాగి, తలుపు వేసి, కోశాను.

ఈసారి నిజం. నమ్మకపోతే పక్కల చెయ్యి పెట్టి చూడు, అతుకు తెలుస్తుంది, వంకరగా వచ్చింది. ఓడల అతుకులు వేసినవాడివి, వచ్చి సరిచెయ్యి. ఏడుపు వస్తుందనుకున్నాను, రాలేదు. కోసేటప్పుడు రేకు మీద అరచెయ్యి పెట్టాను, అది అదిరింది, అంతే. బతికున్న నీ పొట్ట కన్నా ఆ ఇనుము ఎక్కువ కాదు. మీ అన్న ఉంటే ఈ మాట మార్చిలోనే అనేవాడు.

ఎడమ భుజం మాత్రం ముట్టుకోలేదు. రెండు వేళ్లు కిందికే ఉంది. అక్కడ నువ్వే కాస్త వంగు.

ఒళ్లు కుదుటపడగానే రా. మెత్తచొక్కా తెచ్చుకో, పక్కల విప్పి నీకు సరిపడా దూది కలుపుతాను. తెచ్చే ముందు దాన్ని ఉతక్కు.

నీ వదిన
యద్విగా